మిరప కోసిన చేతులు

ఆ రోజు హెడ్మాస్టారు గదిలో నన్ను అడిగింది ఒకటే ప్రశ్న. "ఏమండీ మాస్టారూ, వీడు కావాలనే చేశాడా?"

ఆ గదిలో జవాబు తెలిసింది ఇద్దరికే. ఒకడు తొమ్మిదో తరగతి చదివే మస్తాన్ వలి. వాడు అప్పటికే చెప్పాడు, ఎవరూ నమ్మలేదు. రెండోవాణ్ణి నేను. నేను చెబితే నమ్మేవాళ్ళు.

"నేను అటువైపు చూడలేదండీ" అన్నాను.

గుంటూరు, ప్రకాశం జిల్లాలు కలిసే నల్లరేగడి ఊళ్ళలో, ప్రభుత్వ హైస్కూళ్ళలో నేను వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాను. పిల్లల భాషలో డ్రిల్లు మాస్టారు. మోకాళ్ళు పాడై సర్వీసు మిగిలుండగానే తప్పుకున్నాను. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మీ అనుభవం చెప్పండి మాస్టారూ" అంటారు. గెలిచిన కప్పుల గురించి చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. చెప్పాల్సింది ఇది.

భయానికి పెట్టుకున్న మనిషి

హైస్కూల్లో డ్రిల్లు మాస్టారి పని ఆటలు నేర్పడం అని ఆర్డరులో ఉంటుంది. నిజంగా చేయించుకునే పని వేరు. లెక్కల మాస్టారికి కోపం వస్తే, "డ్రిల్లు సారు దగ్గరికి పంపిస్తా" అంటారు. తెలుగు మేడం గారి క్లాసులో గోల అయితే నాకు కబురొస్తుంది. నేను వరండాలో నడిస్తే చాలు, గదులు వరసగా నిశ్శబ్దమైపోయేవి. కొత్తలో అది చూసి గర్వపడ్డాను. పిల్లలకు క్రమశిక్షణ నేర్పుతున్నానని అనుకున్నాను. వాళ్ళు నేర్చుకున్నది నేను వస్తున్నప్పుడు ఎలా ఉండాలో మాత్రమే.

ఎనిమిది నుంచి పది వరకు పిల్లల వయసు చిత్రమైనది. చెప్పింది వినరని మనం విసుక్కుంటాం. కానీ మనల్ని చూస్తూనే ఉంటారు. ఏ మాస్టారు ఎవరి కొడుకుని వదిలేశాడు, ఎవరి కూతురుని ఎండలో నిలబెట్టాడు, ఎవరి ముందు ఎలా మాట్లాడాడు, అన్నీ వాళ్ళకు తెలుసు. మనిషి ఎలా బతకాలో వాళ్ళు నేర్చుకునేది అక్కడ. నీతి పాఠం పరీక్ష రాయడానికి చదువుతారు.

నాలుక మీద వేలు

మా ఊళ్ళలో జనవరి వచ్చిందంటే మిరప కోతలు. తెల్లారకముందే ఆడవాళ్ళు చేలకు వెళతారు, మంచు పదును మీద కాయ విరగకుండా వస్తుందని. పిల్లలు కూడా రెండు గంటలు కోసి, అటునుంచి అటే బడికి వచ్చేవాళ్ళు. క్లాసులోకి వెళితే ఘాటు. పాఠం మధ్యలో ఒకడు తుమ్మితే వరసంతా తుమ్మేది.

మిరప కోసిన చేతి మంట నీళ్ళతో పోదు. నూనె రాసి, సబ్బుతో రుద్ది, మళ్ళీ నూనె రాస్తే సాయంత్రానికి తగ్గుతుంది. ఆ చెయ్యి పొరపాటున కంటికి తగిలిందా, అంతే. అందుకని మా పిల్లలు తమంతట తామే ఒక పద్ధతి పెట్టుకున్నారు. కబడ్డీ కోర్టులోకి దిగేముందు ప్రతివాడూ వేలు నాలుక మీద పెట్టుకుని చూసుకోవాలి. మండితే తనే పక్కకు వెళ్ళి కూర్చోవాలి. ఎవరూ కాపలా ఉండరు. మండినా మండలేదని చెప్పి ఆడినవాణ్ణి నేను చూడలేదు. ఆ పద్ధతి నేను పెట్టింది కాదు. పద్నాలుగేళ్ళ పిల్లలు పెట్టుకున్న న్యాయం అది. దాన్ని చెడగొట్టింది మాత్రం నేనే.

మస్తాన్ సన్నగా, పొడుగు చేతులతో ఉండేవాడు. తండ్రి లేడు. తల్లి మీరాబీ కోతకు వెళ్ళేది, సీజన్‌లో వాడూ వెంట వెళ్ళేవాడు. కూతకు వెళితే వాణ్ణి పట్టుకోవడం ఎవరి తరమూ అయ్యేది కాదు. ఆ ఏడు మండల పోటీల్లో మేము ఫైనల్‌కి వచ్చామంటే వాడి వల్లే. అవతలి జట్టు పక్క ఊరి హైస్కూలు. కప్పు ఎప్పుడూ వాళ్ళదే. "ఈసారి కూడా ఉత్త చేతులతో వస్తే బస్సు దిగనివ్వను" అని హెడ్మాస్టారు నవ్వుతూనే అన్నారు. నేను మాత్రం నవ్వులాటగా తీసుకోలేదు.

ఫైనల్ రోజు మబ్బు పట్టింది. వాన పడితే కాయ తడిసి, రంగు పోయి, ధర పలకని తాలు అయిపోతుంది కాబట్టి, ఉన్న కాయంతా కోసేయమని రైతు తొందరపెట్టాడట. ఆట మొదలవబోతుండగా మస్తాన్ చేలోంచి నేరుగా తర్వాతి బస్సు పట్టుకుని, పరిగెత్తుకుంటూ వచ్చాడు. వచ్చీరాగానే వేలు నాలుకకు తగిలించుకుని మొహం చిట్లించాడు.

"సార్, మంటగా ఉంది సార్. నూనె కూడా దొరకలా. నేను దిగను, శీనుగాణ్ణి దింపండి."

"శీనుగాడు కూతకెళ్ళి కప్పు తెస్తాడంట్రా? దిగు."

"పట్టుకునేటప్పుడు మొహాల మీద పడుద్ది సార్."

"మట్టి రుద్దుకో, పోద్ది. నోర్మూసుకుని దిగు."

నాకు తెలియక కాదు. నేనూ మిరప చేలో పెరిగినవాణ్ణే. మట్టి రుద్దితే పోదని నాకు వాడికంటే బాగా తెలుసు. వాడు ఒంగి, రెండు చేతులా మట్టి తీసుకుని రుద్దుకున్నాడు. రుద్దుకుంటూ ఇంకోసారి నా వైపు చూశాడు. నేను గీత వైపు చెయ్యి చూపించాను.

పక్క ఊరి పిల్లాడు

ఆట చివరికొచ్చింది. రెండు పాయింట్లు కావాలి. మస్తాన్ కూతకు వెళ్ళాడు. "రారా బక్కోడా, రా! ఇయ్యాల నిన్ను ఇంటికి మోసుకుపోవాల్సిందే!" అని అవతలి పిల్లలు రెచ్చగొడుతున్నారు. ఒకణ్ణి తాకి వెనక్కి తిరిగేలోగా నలుగురు మీద పడ్డారు. మస్తాన్ ఆ కుప్ప కింద నుంచి గీత కోసం చేతులు చాపాడు. ఆ చేతులు వెంకటేశు అనే పిల్లాడి మొహం మీదుగా జారాయి.

వాడు పెట్టిన కేక నాకు ఇప్పటికీ గుర్తే. రెండు కళ్ళూ నులుముకుంటూ నేల మీద దొర్లాడు. నులిమేకొద్దీ ఎక్కువైంది. చూస్తుండగానే రెప్పలు వాచి మూసుకుపోయాయి. ఎవరో మస్తాన్ చెయ్యి పట్టుకుని వాసన చూశాడు.

"ఒరేయ్, వీడి చేతులకు కారం రా! కళ్ళల్లో కారం కొట్టాడ్రా!"

ఆట అక్కడే ఆగిపోయింది. జనం విరుచుకుపడ్డారు. నేను మస్తాన్‌ను చొక్కా పట్టి నా వెనక్కి లాగాను. వాడు ఒకే మాట అంటున్నాడు. "కోతకెళ్ళొచ్చానండీ. కోతకెళ్ళొచ్చా."

గుంపులో ఒక పెద్దాయన అడిగాడు. "కోతకెళ్ళొచ్చినోడివి ఆటకెందుకు దిగావురా?"

అడగాల్సిన ప్రశ్న అదే. మస్తాన్ నా మొహంలోకి చూశాడు. నేను విజిల్ తీసి, జరగండి జరగండని గట్టిగా ఊదాను.

హెడ్మాస్టారు గది

వెంకటేశుని గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కళ్ళకు కట్లు కట్టారు. కట్లు విప్పేదాకా ఏమీ చెప్పలేమన్నారట. మర్నాడు పొద్దున్నే ఆ ఊరి వాళ్ళు మోటారు సైకిళ్ళ మీద మా స్కూలుకు వచ్చారు. గదిలో పట్టినంత మంది లోపల, మిగతావాళ్ళు కిటికీల దగ్గర.

"వీడేనా? పేరేంట్రా నీది?" అని వెంకటేశు మేనమామ అడిగాడు.

"మస్తాన్ వలి అండీ."

"ఓహో" అన్నాడు కిటికీ దగ్గర ఒకడు. అంతవరకు పిల్లాడి మీద ఉన్న కోపం ఆ "ఓహో" తర్వాత ఇంకోలా మారింది. ఆ తేడా అందరికీ అర్థమైంది. హెడ్మాస్టారు నుదురు తుడుచుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. గొడవ తన గది దాటకుండా చూసుకోవాలని తప్ప ఆయనకు ఇంకో కోరిక లేదు. నన్ను ఆ ప్రశ్న అడిగారు. నేను ఆ జవాబు చెప్పాను.

ఎందుకంటే ఆ కళ్ళు పోతే కేసు నా మీదికి వస్తుంది. వద్దు అన్న పిల్లాణ్ణి దింపింది నేను. ఉద్యోగం పోతుంది. పిల్లాడి మీద ఎవరైనా ఎంతని కోపం పెట్టుకుంటారు, నాలుగు తిట్టి వదిలేస్తారు అనుకున్నాను. నా పిరికితనానికి నేను ఇచ్చుకున్న లెక్క ఇది.

మీరాబీని చేలోంచి పిలిపించారు. తలకు కట్టుకున్న గుడ్డ కూడా విప్పకుండా వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"సారూ, మీరక్కడే ఉన్నారుగా. మావోడు నిజంగానే చేశాడా?"

చూడలేదన్న మాటైనా అక్కడ అనలేకపోయాను. "వదిలేయమ్మా, పిల్లాడు. ఒక సారీ చెబితే అయిపోద్ది" అన్నాను.

మస్తాన్ అరిచాడు. "నేను కావాలని చెయ్యలేదమ్మా! సారుకి తెలుసు!"

ఆమె వాడి చెంప మీద కొట్టింది. "నువ్వు చెయ్యకపోతే సారు చెప్పరంట్రా? సారు అబద్ధం చెబుతారంట్రా?" అని మళ్ళీ కొట్టింది. తర్వాత ఆ మేనమామ కాళ్ళ దగ్గర కూర్చుంది. నేను గోడకున్న టైంటేబుల్ వైపు చూస్తూ నిలబడ్డాను.

మర్నాడు ప్రార్థన అయ్యాక మస్తాన్ బడిలో అందరి ముందూ సారీ చెప్పాడు. ఏం చెప్పాలో వాడికి నేర్పింది కూడా నేనే. "కోపంలో చేశాను, ఇంకెప్పుడూ చెయ్యను."

ఆ వారంలోనే వెంకటేశు కట్లు విప్పారు. చూపుకేమీ కాలేదు. ఇక కేసు లేదు, గొడవ లేదు. అప్పుడైనా నేను నిజం చెప్పొచ్చు. చెబితే పోయేదేమీ లేదు, నా పరువు కాస్త తప్ప. కొత్తగా వచ్చే మాస్టార్లకు నేను ముఖ్యంగా చెప్పాలనుకుంది ఇదే. మొదటిరోజు నా నోరు మూయించింది భయం. ఆ తర్వాతి రోజులకు ఆ సాకు కూడా లేదు. అప్పటికే చెప్పకపోవడం అలవాటైంది.

బాగుపడిన పిల్లాడు

మస్తాన్ బడి మానేస్తాడనుకున్నాను. మానేస్తే నాకు సుఖంగా ఉండేది. వాడు రోజూ వచ్చాడు. కబడ్డీ కోర్టు వైపు మాత్రం రాలేదు. "కారం మస్తాన్" అని పేరు పడింది. ఎవరు పిలిచినా పలికేవాడు.

పదో తరగతిలో ఒకరోజు క్లాసులో కిటికీ అద్దం పగిలింది. ఎవరని అడిగితే మస్తాన్ లేచి, "నేనే సార్, సారీ సార్" అన్నాడు. అద్దం పగిలినప్పుడు వాడు అసలు గదిలోనే లేడు, నీళ్ళ బిందె తేవడానికి వెళ్ళాడు. ఆ సంగతి నాకు తెలుసు. అడిగితే, "ఎవరో ఒకళ్ళు ఒప్పుకుంటే అయిపోద్దిగా సార్" అన్నాడు.

స్టాఫ్ రూములో లెక్కల మాస్టారు అన్నారు. "ఆ మస్తాన్ ఎంత మారాడండీ! ఒక్క మాట ఎదురు చెప్పడు. మీ ట్రీట్‌మెంటు బాగా పనిచేసింది." అందరూ నవ్వారు. నేను టీ తాగుతూ కూర్చున్నాను.

బడి పిల్లల్ని తీర్చిదిద్దుతుందని సభల్లో అంటాం. నిజమే, దిద్దుతుంది. ఒక నిజాయితీపరుణ్ణి తన మీద తనే నేరం వేసుకునేలా దిద్దాం, దానికి వినయం అని పేరు పెట్టుకున్నాం. ఒక్క మస్తాన్‌తో ఆగిందా అంటే అదీ లేదు. ఆ తర్వాతి మిరప సీజన్‌లో పిల్లలు నాలుక మీద వేలు పెట్టుకోవడం మానేశారు. కోతకు వెళ్ళొచ్చినవాడు చేతులు జేబుల్లో పెట్టుకుని, "నేను వెళ్ళలేదు సార్" అనడం మొదలుపెట్టాడు. సారుతో నిజం చెప్పినవాడికి ఏమైందో వాళ్ళంతా చూశారు. ఆ సీజన్లలో కబడ్డీ ఆపించేశాను. కారణం ఎవరూ అడగలేదు.

సరోజిని మేడం

నేను ఇంకో ఊరికి బదిలీ అయ్యాక, ఆ బడికి సరోజిని మేడం అని హెడ్మిస్ట్రెస్ వచ్చారు. కోపం మనిషి. గోడ మీద ఎవరో పిచ్చి రాతలు రాస్తే, పదో తరగతి లక్ష్మిని అనుమానించి, ఏడిపించి వదిలారు. రెండు రోజులకు అది లక్ష్మి పని కాదని తేలింది. మేడం నేరుగా ఆ క్లాసుకు వెళ్ళారు. నేను గుమ్మం దగ్గర ఉన్నాను.

"లక్ష్మి ఆ రాతలు రాయలేదు. నేను తెలుసుకోకుండా తిట్టాను. తప్పు నాది. లక్ష్మీ, ఏమనుకోకమ్మా" అన్నారు.

బయటికి వచ్చాక ఉండబట్టలేక అన్నాను. "మేడం, ఇలాగైతే పిల్లలు నెత్తికెక్కి కూర్చుంటారు."

"కూర్చోనివ్వండి మాస్టారూ. కాళ్ళు నొప్పెడితే వాళ్ళే దిగుతారు" అన్నారు ఆవిడ, తర్వాతి పీరియడ్ బెల్లు కొట్టమని చెబుతూ.

పిల్లలు నెత్తికెక్కలేదు. ఆ ఏడాదంతా, తప్పు చేసినవాళ్ళు తమంతట తామే ఆవిడ గదికి వెళ్ళడం చూశాను. తిట్లు తినేవాళ్ళు, మొహం తేలికపడి బయటికొచ్చేవాళ్ళు. అలాంటి మనిషికైనా మస్తాన్ సంగతి చెబుదామని రెండు మూడుసార్లు ఆ గది దాకా వెళ్ళాను. సెలవు చీటీ ఇచ్చి వచ్చేశాను.

పెదకాకాని రోడ్డు

మస్తాన్ పెదకాకాని దగ్గర స్ప్రేయర్లు రిపేరు చేసే షాపు పెట్టుకున్నాడని పాత విద్యార్థి ఒకడు చెప్పాడు. పోయిన శీతాకాలం వెళ్ళాను. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. ముప్పై దాటిన మనిషి, గడ్డంలో అక్కడక్కడ తెలుపు.

"నమస్తే సార్. కూర్చోండి."

మందు కొట్టే పంపు పట్టుకొచ్చిన ఒక రైతు నన్ను ఎగాదిగా చూశాడు. "మీ మాస్టారా? బాగా కొట్టేవాడా ఏంది?"

"సారు కొట్టేవాళ్ళు కాదు బాబాయ్" అన్నాడు మస్తాన్.

రైతు వెళ్ళేదాకా ఆగి, చెప్పడం మొదలుపెట్టాను. వాడు నాజిల్ బిగిస్తూ మధ్యలోనే ఆపాడు.

"తెలుసు సార్. ఆ సంగతి నాకు తెలుసు, మీకు తెలుసు. మా అమ్మకే తెలవదు."

"ఇప్పటికీనా?"

"ఇప్పటికీ. నా పెళ్ళైన కొత్తలో మా ఆవిడకు చెప్పింది. 'వీడికి కోపమొస్తే ఒళ్ళు తెలవదమ్మా, చిన్నప్పుడు ఒక పిల్లాడి కళ్ళు పోగొట్టబోయాడు, జాగ్రత్త' అని. ఇప్పుడు నేను కాస్త గొంతు పెంచితే మా ఆవిడ పిల్లల్ని దగ్గరికి లాక్కుంటది." నాజిల్ పక్కన పెట్టాడు. "నాకు కోపం రాదు సార్. రానివ్వను."

"నన్ను..." అన్నాను.

"నాకు చెప్పి ఏం లాభం సార్? అమ్మ లోపలే ఉంది. వెళ్ళి ఆమెకు చెప్పండి. నేను చెబితే అప్పుడు నమ్మలా. మీరు చెబితే నమ్ముద్ది."

షాపు వెనకే ఇల్లు. మీరాబీ వసారాలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. ముసలిదైంది, అయినా వెంటనే గుర్తుపట్టింది.

"సారు! రండి రండి. ఒరే మస్తానూ, సారుకి కుర్చీ వెయ్యరా. అమ్మాయ్, టీ పెట్టు." నన్ను కూర్చోబెట్టి కోడలితో అంది. "ఈ సారేనమ్మా. ఆ రోజు ఈయన సర్దకపోతే ఆ ఊరోళ్ళు వీణ్ణి బతకనిచ్చేవాళ్ళు కాదు. వీణ్ణి మనిషిని చేసింది ఈయనే."

కోడలు గుమ్మంలో నిలబడి నమస్కారం పెట్టింది. మస్తాన్ గోడకు ఆనుకుని నేల వైపు చూస్తున్నాడు. ఆ క్షణంలో కూడా లేచి వెళ్ళిపోదామనిపించింది, దాచను.

"మీరాబీ గారూ, ఆ రోజు మీరు అడిగినదానికి నేను సరిగా జవాబు చెప్పలేదు" అన్నాను. "ఆటకు ముందు మీ అబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. చేతులు మంటగా ఉన్నాయి, ఎవరికైనా తగులుద్ది, నేను దిగనన్నాడు."

ఆమె చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. "దిగనన్నాడా?"

"దిగనన్నాడు."

"మీతో అన్నాడా?"

"నాతోనే. నేనే తిట్టి దింపాను. ఆ పిల్లాడి మీద చెయ్యి పడటం ఆటలో జరిగింది, వీడు కావాలని చేసింది కాదు. ఆ సంగతి నాకు తెలుసు."

ఆమె కొడుకు వైపు తిరిగింది. "నేను కొట్టానే" అంది, ఎవరితోనో అన్నట్టు. మస్తాన్ తల ఎత్తలేదు. కోడలు గుమ్మం దాటి వచ్చి అతని పక్కన నిలబడింది.

నేను కుర్చీలోంచి లేచాను.

"మీ అబ్బాయి నిజం చెప్పాడమ్మా. అబద్ధం చెప్పింది నేను. మీరు నా మీద నమ్మకంతో వాణ్ణి కొట్టారు. వాడికి లేని కోపాన్ని వాడికి అంటగట్టింది నేను. తప్పంతా నాది. నన్ను క్షమించండి" అని చేతులు జోడించాను. తర్వాత మస్తాన్ వైపు తిరిగి, వాడి తల్లీ భార్యా వింటుండగా, అదే మాట మొదటినుంచి మళ్ళీ చెప్పాను.